లాగ్ ఎక్కడ పుడుతోందో చూశాకే పార్టులు కొనండి

గేమ్ ఆడుతూ లైవ్ స్ట్రీమ్ చేస్తుండగా చాట్‌లో ఒకరు 'అన్నా, ఆగి ఆగి వస్తోంది' అని రాస్తే వాళ్ల ఫోన్‌లో నెట్ బాగోలేదేమో అనుకోవచ్చు. నలుగురైదుగురు వరసగా రాశారంటే సమస్య మన ఇంట్లోనే ఉంది. నా దగ్గర గేమ్ బాగానే నడిచేది, మానిటర్ మీద వాలొరెంట్ 120 ఎఫ్‌పీఎస్ (సెకనుకి వచ్చే ఫ్రేములు, అంటే బొమ్మలు) దాటి వచ్చేది, ఎక్కడా తేడా కనిపించేది కాదు, కానీ చూసేవాళ్లకు మాత్రం తుపాకీ పేలిన చప్పుడు ఒకసారి, బొమ్మ ఇంకోసారి. ఇలాంటప్పుడు తెలుగులో స్ట్రీమ్ చేసే కుర్రాళ్లు నన్ను అడిగే మొదటి ప్రశ్న ఒకటే, 'అన్నా, ఏ గ్రాఫిక్స్ కార్డ్ తీసుకోమంటావ్?' అని. కార్డు సంగతి తర్వాత. ముందు ఓబీఎస్‌లో, అంటే స్ట్రీమ్‌ని తయారుచేసి పంపే సాఫ్ట్‌వేర్‌లో, వ్యూ మెనూకి వెళ్లి స్టాట్స్ తెరవండి.

ఆ చిన్న విండోలో మూడు లెక్కలు ఉంటాయి. రెండరింగ్ లాగ్ వల్ల మిస్ అయిన ఫ్రేములు, ఎన్‌కోడింగ్ లాగ్ వల్ల స్కిప్ అయిన ఫ్రేములు, నెట్‌వర్క్‌లో డ్రాప్ అయిన ఫ్రేములు. చూసేవాడికి మూడూ ఒకేలా కనిపిస్తాయి, వీడియో ఆగిపోయినట్టే ఉంటుంది, కానీ మూడింటికీ కారణాలు వేరు, మందులు వేరు. మొదటిది పెరుగుతుంటే గ్రాఫిక్స్ కార్డు మొత్తం గేమే వాడేసుకుంటోందని, ఓబీఎస్‌కి గేమ్ బొమ్మనీ వెబ్‌క్యామ్‌నీ అలర్ట్‌లనీ ఒకచోట కలిపి ఫ్రేమ్ తయారుచేసుకునే సందు దొరకడం లేదని అర్థం. రెండోది పెరుగుతుంటే ఆ ఫ్రేముని కుదించే ఎన్‌కోడర్ వెనకబడుతోందని. మూడోది పెరుగుతుంటే కంప్యూటర్ పని కంప్యూటర్ సరిగ్గానే చేసింది, తయారైన డేటా ఇంట్లోంచి బయటికి పోవడం లేదు. మూడో లెక్క ఎర్రగా మెరుస్తున్నప్పుడు అరలక్ష పెట్టి కార్డు కొన్నా ఒక్క ఫ్రేము కూడా వెనక్కి రాదు.

నా పాత సిస్టమ్ రైజెన్ 5 2600 ప్రాసెసర్, బీ450 బోర్డు, ఒకే ఒక 8 జీబీ ర్యామ్ స్టిక్, జీటీఎక్స్ 1050 టీఐ గ్రాఫిక్స్ కార్డు. ఇందులో పెరుగుతున్నది రెండో లెక్క. ఓబీఎస్‌లో ఎన్‌కోడర్ ఎక్స్264 అని ఉంది, అంటే వీడియో కుదించే పని మొత్తం ప్రాసెసర్ మీదే పడుతోంది. వాలొరెంట్ గ్రాఫిక్స్ కార్డు కంటే ప్రాసెసర్‌నే ఎక్కువ వాడుకునే గేమ్. స్మోకులు పడి, పది మంది ఒకచోట చేరి, స్క్రీన్ మీద ప్రతీదీ కదులుతున్న క్షణంలోనే గేమ్‌కీ ఎన్‌కోడర్‌కీ రెండిటికీ ప్రాసెసర్ కావాలి. అందుకే మామూలుగా నడిచేటప్పుడు బాగుండి సరిగ్గా ఫైట్ మొదలయ్యేసరికి స్ట్రీమ్ పడిపోయేది. చూసేవాళ్లు వచ్చేదే ఆ ఫైట్ కోసం కదా, అదే కనబడకపోతే ఇంక ఎందుకు ఉంటారు.

ఇక్కడ పైసా ఖర్చు లేకుండా చేయగలిగేది ఒకటుంది. ఎన్‌విడియా కార్డుల్లో చాలావాటిలో వీడియో కుదించడానికే ఒక ప్రత్యేకమైన భాగం చిప్‌లో ఉంటుంది, పేరు ఎన్వెంక్, 2012 నాటి జీటీఎక్స్ 600 సిరీస్ నుంచీ ఉంది. గేమ్ బొమ్మలు గీసే కోర్లతో దీనికి పెద్దగా సంబంధం లేదు, కాబట్టి దాన్ని వాడినా గేమ్‌కి పెద్దగా నష్టం ఉండదు. ఓబీఎస్ సెట్టింగ్స్‌లో అవుట్‌పుట్ కిందకి వెళ్లి ఎన్‌కోడర్ మార్చగానే స్కిప్ అయ్యే ఫ్రేములు దాదాపు సున్నాకి వచ్చేశాయి. అయితే 1050 టీఐలో ఉన్నది పాత పాస్కల్ తరం ఎన్వెంక్. వాలొరెంట్‌లాంటి సాదా గోడల గేమ్‌కి అది చాలు, జీటీఏ 5 పెట్టి చెట్లూ గడ్డీ ఉన్న రోడ్డు మీద బండి వేగంగా నడిపితే మాత్రం బొమ్మ గళ్లుగళ్లుగా విడిపోయేది. 2018లో ట్యూరింగ్ తరం కార్డులతో ఈ ఎన్‌కోడర్ బాగా మెరుగైంది, అదే బిట్‌రేట్‌కి (సెకనుకి పంపే డేటాకి) బొమ్మ చాలా శుభ్రంగా వస్తుంది. కార్డు మార్చాలన్న ఆలోచన నాకు వచ్చింది అక్కడే, ఎఫ్‌పీఎస్ కోసం కాదు.

ఎన్‌కోడర్ మార్చాక జీటీఏలో మొదటి లెక్క, అంటే రెండరింగ్ లాగ్, పెరగడం మొదలైంది. టాస్క్ మేనేజర్‌లో కార్డు వాడకం 99 శాతం. దీనికీ ముందు ఖర్చులేని దారులే చూడాలి. గేమ్‌లో ఎఫ్‌పీఎస్‌కి ఒక హద్దు పెట్టాలి, స్ట్రీమ్ ఎలాగూ 60 దగ్గరే ఆగుతుంది కాబట్టి జీటీఏలాంటి గేమ్ 60కి కట్టేస్తే చూసేవాడికి పోయేదేమీ లేదు. ఓబీఎస్‌ని రైట్ క్లిక్ చేసి రన్ యాజ్ అడ్మినిస్ట్రేటర్‌తో తెరవాలి, అప్పుడు విండోస్ గ్రాఫిక్స్ కార్డులో కొంత వాటా ఓబీఎస్ కోసం పక్కన పెడుతుంది. ఈ ఒక్క క్లిక్ ఎంతమందికి తెలియదో! స్క్రీన్ మొత్తాన్ని తీసుకునే డిస్‌ప్లే క్యాప్చర్ బదులు గేమ్‌ని మాత్రమే తీసుకునే గేమ్ క్యాప్చర్ వాడాలి. అలర్టులు, చాట్ బాక్స్, సబ్‌స్క్రైబర్ల లెక్క అంటూ పెట్టుకునే ప్రతి బ్రౌజర్ సోర్సూ లోపల ఒక చిన్న క్రోమ్ లాంటిదే, కదిలే బొమ్మల ఓవర్లేలు నాలుగైదు పెట్టారంటే ఆ భారమూ కార్డు మీదే పడుతుంది. నేను సగం తీసేశాను, చూసేవాళ్లలో ఎవరూ అడగలేదు.

ఇవన్నీ చేశాక మిగిలిన లోటుకే డబ్బు పెట్టాను. ఏఎం4 (రైజెన్ ప్రాసెసర్ల సాకెట్) బోర్డు ఉన్నవాళ్లకి ఇందులో ఒక మంచి అవకాశం ఉంది. 2018లో వచ్చిన బీ450 బోర్డులోనే, బయాస్ (బోర్డుని నడిపే మూల సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ చేసుకుంటే, 2022లో వచ్చిన రైజెన్ 5 5600 కూర్చుంటుంది. బోర్డు, ర్యామ్, క్యాబినెట్ ఏదీ మార్చక్కర్లేదు. 2600కీ దీనికీ కోర్లు ఆరే, థ్రెడ్లు 12, కానీ ఒక్కో కోరు వేగం చాలా ఎక్కువ, ప్రాసెసర్ లోపలే ఉండే వేగమైన మెమరీ, ఎల్3 క్యాష్, 16 ఎంబీ నుంచి 32 ఎంబీకి పెరుగుతుంది, వాలొరెంట్‌లాంటి గేములకి కావలసింది సరిగ్గా అదే. ఒక్క జాగ్రత్త, పాత ప్రాసెసర్ బోర్డులో ఉండగానే బయాస్ అప్‌డేట్ చేయాలి, కొత్తది పెట్టాక చేద్దామంటే చాలా బోర్డులు అసలు ఆన్ కావు. ఆ అప్‌డేట్ మధ్యలో కరెంటు పోతే బోర్డే పాడైపోవచ్చు, కాబట్టి యూపీఎస్ లేకుండా ఆ పని మొదలుపెట్టకండి. వేసవి మధ్యాహ్నం అసలే వద్దు.

విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ముగిసింది, ఇంకా అందులోనే ఉంటే ఈ మార్పులతో పాటే 11కి వెళ్లిపోవడం మంచిది. విండోస్ 11లో వాలొరెంట్ ఆడాలంటే బయాస్‌లో టీపీఎం 2.0, సెక్యూర్ బూట్ అనే భద్రతా సెట్టింగులు రెండూ ఆన్‌లో ఉండాలి. బయాస్ అప్‌డేట్ చేసినప్పుడు సెట్టింగులు మళ్లీ మొదటికి వస్తాయి, నిన్నటిదాకా తెరుచుకున్న గేమ్ ఇవాళ తెరుచుకోకపోతే టెన్షన్ పడకుండా ముందు అక్కడ చూడండి.

ర్యామ్ గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు, నా అనుభవంలో తక్కువ డబ్బుకి ఎక్కువ తేడా చూపించింది అదే. ఒకే 8 జీబీ స్టిక్ ఉంటే సింగిల్ ఛానల్‌లో నడుస్తుంది. అలాంటిదే ఇంకో 8 జీబీ తెచ్చి డ్యూయల్ ఛానల్ చేస్తే ప్రాసెసర్‌కీ ర్యామ్‌కీ మధ్య దారి రెండింతలవుతుంది, గేమ్, ఓబీఎస్, క్రోమ్, డిస్కార్డ్ నాలుగూ ఒకేసారి తెరిచినా 16 జీబీలో ఊపిరాడుతుంది. నాలుగు స్లాట్ల బోర్డులో ప్రాసెసర్ వైపు నుంచి లెక్కపెడితే రెండోదీ నాలుగోదీ వాడాలి, మొదటి రెండింట్లోనో చివరి రెండింట్లోనో పెడితే డ్యూయల్ ఛానల్ రాదు. పెట్టాక బయాస్‌లో ఎక్స్ఎంపీ ఆన్ చేయాలి, లేకపోతే 3200 అని రాసి ఉన్న స్టిక్కు కూడా 2133లోనో 2400లోనో నడుస్తూ ఉంటుంది. టాస్క్ మేనేజర్‌లో మెమరీ పేజీ తెరిస్తే ఎంత వేగంలో ఉందో కనిపిస్తుంది. ఇప్పుడే చూడండి, డబ్బు ఇచ్చి కొన్న వేగం చాలామంది ఇళ్లలో వాడకుండానే పడి ఉంది.

కార్డు ఆర్టీఎక్స్ 3060 తీసుకున్నాను, 12 జీబీది. దాని తర్వాత వచ్చిన 4060లో ఏవీ1 అనే కొత్త రకం కుదింపు చేసే ఎన్‌కోడర్ ఉంది, యూట్యూబ్ లైవ్ ఏవీ1 తీసుకుంటుంది కూడా, తక్కువ బిట్‌రేట్‌లో మంచి బొమ్మ కావాలనుకునేవాళ్లకి అది బాగా పనికొస్తుంది. కానీ 4060కి పీసీఐ లేన్లు (కార్డుకీ బోర్డుకీ మధ్య డేటా దారులు) ఎనిమిదే, నా బోర్డులో ఉన్నది పాత, నెమ్మదైన పీసీఐ 3.0, పైగా దాని మెమరీ 8 జీబీ, జీటీఏ మోడ్లు వేసుకునే నాకు 12 జీబీ ముఖ్యం. కొత్త బోర్డు ఉన్నవాళ్లయితే 4060 వైపే వెళ్లమంటాను. తక్కువ బడ్జెట్‌లో చూసేవాళ్లకి ఒక మాట గట్టిగా చెప్పాలి. జీటీఎక్స్ 1650 మొదటిసారి వచ్చినప్పుడు అందులో పెట్టింది పాత వోల్టా తరం ఎన్వెంక్, 1650 సూపర్‌లో ఉన్నది ట్యూరింగ్ ఎన్వెంక్. పేరులో ఒక్క మాటే తేడా, స్ట్రీమింగ్‌కి మాత్రం పెద్ద తేడా. జీటీ 1030లో అయితే ఎన్వెంక్ అసలు లేదు. సెకండ్ హ్యాండ్‌లో కొంటే కార్డుని పెట్టించి అరగంట గేమ్ నడిపి, ఓబీఎస్‌లో రికార్డింగ్ కూడా చేసి చూశాకే డబ్బు ఇవ్వండి.

నా పార్టులు చాలావరకు సికింద్రాబాద్ పార్క్ లేన్‌లో, అందరూ సీటీసీ అని పిలిచే చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో తీసుకున్నాను. గుంటూరు నుంచి బస్సు టికెట్ పెట్టుకుని వెళ్లినా, నాలుగు షాపులు తిరిగి చేత్తో పట్టుకుని చూసి కొనుక్కోవడంలో ఉన్న ధీమా ఆన్‌లైన్‌లో నాకు రాదు. 18 శాతం జీఎస్టీ మిగులుతుందని బిల్లు లేకుండా తీసుకోమంటారు కొందరు. వద్దు. కార్డు పోయిన రోజు వారంటీకి అడిగేది ఆ బిల్లే. 3060కి 170 వాట్లు కావాలి, ఎన్‌విడియా 550 వాట్ల ఎస్ఎంపీఎస్ (పవర్ సప్లై) ఉండాలంటుంది, కాబట్టి క్యాబినెట్‌తో పాటు ఉచితంగా వచ్చిన ఎస్ఎంపీఎస్‌ని తీసేసి పేరున్న కంపెనీది 550 వాట్లది వేయించాను. ఎస్ఎంపీఎస్ దగ్గర మాత్రం డబ్బు మిగుల్చుకోవద్దు, అది పోతే ఒక్కటే పోదు.

ఇప్పుడు నెట్. మాకు ఫైబర్ కనెక్షన్ ఉంది, 100 ఎంబీపీఎస్ డౌన్‌లోడ్, అప్‌లోడ్ కూడా అంతే. స్ట్రీమ్‌కి కావలసింది అప్‌లోడ్ ఒక్కటే. 6000 కేబీపీఎస్ బిట్‌రేట్ అంటే 6 ఎంబీపీఎస్, గంటకి సుమారు 2.7 జీబీ. మన దగ్గర ఫైబర్ ప్లాన్లలో తరచూ కనిపించే నెలకి 3300 జీబీ హద్దుతో పోలిస్తే రోజూ మూడు గంటలు స్ట్రీమ్ చేసినా అది పదో వంతు కూడా కాదు. మరి ఫ్రేములు ఎందుకు డ్రాప్ అవుతాయి? స్పీడ్ టెస్ట్ చూపించేది కొన్ని సెకన్ల వేగం, స్ట్రీమ్‌కి కావలసింది గంటల తరబడి తెగకుండా పోయే అప్‌లోడ్. 2.4 గిగాహెర్ట్జ్ వైఫైలో చుట్టుపక్కల ఫ్లాట్ల రౌటర్లన్నీ ఒకే దారిలో తోసుకుంటుంటాయి, రాత్రి తొమ్మిదికి, సరిగ్గా మనం లైవ్ పెట్టే వేళకే, ఆ రద్దీ ఎక్కువ. 5 గిగాహెర్ట్జ్‌కి మారితే కొంత నయం. క్యాట్6 ల్యాన్ కేబుల్ వేసుకుంటే ఆ గొడవే ఉండదు. మా రౌటర్ హాల్లో ఉంటుంది, గోడ అంచు వెంబడి క్లిప్పులు కొట్టి కేబుల్ నా గదిదాకా లాగాను, ఆ రాత్రి నుంచి స్టాట్స్‌లో మూడో లెక్క సున్నా. ఈ మొత్తం అప్‌గ్రేడ్‌లో అన్నిటికంటే చవకైన వస్తువు ఆ కేబులే.

కేబుల్ వేసినా అప్పుడప్పుడు పడిపోతుంటే ఇంట్లో ఫోన్లు చూడండి. పెళ్లి నుంచి వచ్చిన అమ్మ ఫోన్‌లో ఆరేడు వందల ఫొటోలు, వీడియోలు ఒకేసారి బ్యాకప్‌కి ఎక్కుతుంటే అప్‌లోడ్ దారి నిండిపోతుంది. రౌటర్‌లో క్యూఓఎస్ అనే సెట్టింగ్ ఉంటే కంప్యూటర్‌కి ప్రాధాన్యం ఇవ్వచ్చు. ఓబీఎస్‌లో అడ్వాన్స్‌డ్ సెట్టింగ్స్ కింద డైనమిక్ బిట్‌రేట్ అని ఒకటుంది, దాన్ని ఆన్ చేస్తే నెట్ ఇరుకైనప్పుడు ఫ్రేములు వదిలేయకుండా బొమ్మ నాణ్యత కాసేపు తగ్గిస్తుంది. చూసేవాడికి బొమ్మ కాస్త మసకబారడం ఆగిపోవడం కంటే ఎంతో నయం.

బయటి దేశాలవాళ్ల గైడ్లలో కరెంటు గురించి ఒక్క ముక్క ఉండదు, మన ఇళ్లలో అది ముఖ్యమైన విషయం. కరెంటు పోయి ఇన్వర్టర్ అందుకునే ఆ చిన్న సందులో ఫ్యాన్, లైటు తేడా తెలియనివ్వవు కానీ కంప్యూటర్ రీస్టార్ట్ అయిపోతుంది. చాలా ఇన్వర్టర్ల వెనక యూపీఎస్ మోడ్‌కి ఒక స్విచ్ ఉంటుంది, అందులో పెడితే తొందరగా అందుకుంటుంది. ఇన్వర్టర్ ప్యూర్ సైన్ వేవ్‌ది అయితేనే కంప్యూటర్‌ని దానికి కలపండి. నేను విడిగా 1000 వీఏ యూపీఎస్ పెట్టుకున్నాను. 600 వీఏవి సాధారణంగా 360 వాట్లే ఇస్తాయి, గేమ్ ఆడుతున్నప్పుడు 3060, మానిటర్, ప్రాసెసర్ కలిస్తే దానికి దగ్గరదాకా వెళ్లిపోతాయి, పాతబడిన బ్యాటరీ అంత లాగలేదు. ఇంకొకటి, కంప్యూటర్‌కి యూపీఎస్ పెట్టి ఫైబర్ బాక్సుని మామూలు ప్లగ్గులో వదిలేస్తే లైవ్ ఎలాగూ తెగుతుంది. రౌటర్లకని 12 వోల్టుల చిన్న యూపీఎస్‌లు దొరుకుతాయి, అది తప్పకుండా తెచ్చుకోండి. రికార్డింగ్‌ని మామూలు ఎంపీ4లో పెట్టకండి, మధ్యలో సిస్టమ్ ఆగిపోతే ఫైలు మొత్తం పోతుంది. ఎంకేవీలో పెట్టుకుంటే ఆగిందాకా ఉన్నది మిగులుతుంది, తర్వాత ఓబీఎస్‌లోనే రీమక్స్ చేసి ఎంపీ4 చేసుకోవచ్చు. 2024లో వచ్చిన 30.2 వెర్షన్ నుంచి హైబ్రిడ్ ఎంపీ4 అని కూడా ఇచ్చారు, అదీ ఇలాగే సురక్షితం.

నా గది పై అంతస్తులో, నేరుగా శ్లాబు కింద. మే నెలలో గుంటూరు ఎండకి రాత్రి పదికి కూడా గోడలు వేడిగానే ఉంటాయి. 5600కి హద్దు 90 డిగ్రీలు, అక్కడికి చేరితే వేగం తనే తగ్గించుకుంటుంది, స్ట్రీమ్ మొదటి అరగంట బాగుండి ఆ తర్వాత ఆగి ఆగి రావడానికి చాలాసార్లు కారణం ఇదే. హెచ్‌డబ్ల్యూ ఇన్ఫో పెట్టుకుని గంటసేపు ఉష్ణోగ్రతలు చూడండి. క్యాబినెట్ ముందు గాలి లోపలికి లాగే ఫ్యాన్లు రెండు, వెనక బయటికి తోసేది ఒకటి, నెలకొకసారి దుమ్ము ఊదడం, ఇంతే నేను చేసింది. గోడకి ఆనించి టేబుల్ కింద అరలో పెట్టిన క్యాబినెట్ ఎంత ఖరీదైనదైనా వేడెక్కుతుంది.

సీలింగ్ ఫ్యాన్ లేకుండా ఆ గదిలో కూర్చోలేం, ఫ్యాన్ ఉంటే మైకులో హోరు. కండెన్సర్ మైకు గదంతా వింటుంది, ఫ్యాన్ చప్పుడూ వింటుంది, వంటింట్లో కుక్కర్ విజిల్ కూడా వింటుంది. డైనమిక్ మైకు తీసుకుని నోటికి జానెడు దూరంలో పెట్టుకుంటే సగం గోల అక్కడే తగ్గుతుంది. మిగతాది ఓబీఎస్ ఫిల్టర్లలో నాయిస్ సప్రెషన్‌లో ఆర్ఎన్నాయిస్ ఎంచుకుంటే చాలావరకు పోతుంది, అది ఉచితం. మాట స్పష్టంగా వినిపిస్తే బొమ్మ కాస్త అటూ ఇటూ ఉన్నా జనం కూర్చుంటారు, మాట తెగితే మాత్రం ఒక్క నిమిషం ఉండరు. తెలుగు కామెంటరీ కోసమే వస్తున్నారు కదా వాళ్లు. ఫ్రేముల కంటే ముందు మైకు సరిచేసుకోండని అడిగిన ప్రతి ఒక్కరికీ చెప్తున్నాను.

చివరిగా సెట్టింగులు. సీబీఆర్ (బిట్‌రేట్‌ని మారకుండా ఉంచేది), కీఫ్రేమ్ ఇంటర్వెల్ 2 సెకన్లు, 60 ఎఫ్‌పీఎస్. ట్విచ్‌లో 6000 కేబీపీఎస్ దగ్గర ఆగడం మంచిది. యూట్యూబ్‌లో నేను 1080పీకి 9000 పెడుతున్నాను, అప్‌లోడ్ అంత తెగకుండా లేనివాళ్లు 720పీ 60 ఎఫ్‌పీఎస్ పెట్టుకుంటే ఏమీ తక్కువ కాదు. నా స్ట్రీమ్ చూసేవాళ్లలో ఎక్కువమంది ఫోన్‌లో, మొబైల్ డేటాలో, 480పీలో చూస్తారు. వాళ్లకి 1080పీ కంటే అక్షరాలు కాస్త పెద్దగా ఉండటం ముఖ్యం. యూట్యూబ్‌లో అల్ట్రా లో లేటెన్సీ పెడితే చాట్‌కి వెంటనే జవాబివ్వచ్చు గానీ నెట్ బలహీనంగా ఉన్న చోట చూసేవాళ్లకి బఫరింగ్ ఎక్కువవుతుంది, అందుకే నేను మామూలు లో లేటెన్సీలో ఉంచాను.

ఏది మార్చినా నేరుగా లైవ్‌కి వెళ్లకుండా అన్‌లిస్టెడ్‌గా ఒక స్ట్రీమ్ పెట్టి, మీరు ఆడే గేముల్లో బరువైన చోటు ఏదో అక్కడ అరగంట ఆడి, స్టాట్స్ చూడండి. ఒక్కసారికి ఒక్కటే మార్చండి, లేకపోతే దేనివల్ల బాగుపడిందో తెలియదు. అంతా చేసినా అర్థం కాకపోతే ఓబీఎస్ హెల్ప్ మెనూలో లాగ్ ఫైల్స్ ఉంటాయి, అప్‌లోడ్ చేసి ఓబీఎస్ వాళ్ల లాగ్ ఎనలైజర్‌లో వేస్తే ఏ లెక్క ఎంత పోయిందో, ఏ సెట్టింగ్ తేడాగా ఉందో చెప్తుంది. కామెంట్లలో నన్ను అడిగేవాళ్లు సిస్టమ్ పేర్లతో పాటు ఆ లింకు కూడా పెట్టండి, చూసి చెప్తాను.